జర్మన్ రాకపోయినా జర్మనీలో సరుకులు కొనుక్కోవడం ఎలా

మాస్టర్స్ చదవడానికి జర్మనీ వచ్చే మన పిల్లలకీ, వాళ్లని చూడటానికి తొంభై రోజుల వీసా మీద వచ్చే అమ్మానాన్నలకీ, ఆఫీసు పని మీద దిగేవాళ్లకీ మొదటి వారంలోనే ఎదురయ్యే పని ఒకటుంది: ఇంట్లోకి సరుకులు తెచ్చుకోవడం. భాష రాదన్న బెరుకుతో చాలామంది ఇండియన్ షాపు ఎక్కడుందో వెతుక్కుని, ట్రామ్ ఎక్కి ఊరి అవతలికి వెళ్లి, ఉల్లిపాయలూ పెరుగూ కూడా అక్కడే ఎక్కువ ధర పెట్టి కొంటుంటారు. అంత అవస్థ అక్కర్లేదు.

జర్మనీ సూపర్‌మార్కెట్లో నోరు విప్పాల్సిన అవసరం దాదాపు రాదు. మన దగ్గర కిరాణా కొట్టు ఆయన్ని అడిగి తెలుసుకునేవన్నీ ఇక్కడ పొట్లం మీదా, అర అంచున పెట్టిన ధర చీటీ మీదా అచ్చయి ఉంటాయి. అలా రాసి తీరాలని చట్టం ఉంది. అందుకే నా సలహా ఒక్కటే: మాట్లాడటం తర్వాత నేర్చుకోవచ్చు, ముందు చదవడం నేర్చుకోండి. ముప్పై నలభై మాటలు గుర్తుపట్టగలిగితే మొదటి నెల ఇబ్బంది లేకుండా గడుస్తుంది. ఆ మాటలేమిటో, వాటిని ఎక్కడ వెతకాలో వరసగా చెబుతాను.

బయల్దేరే ముందు

ఫోన్‌లో గూగుల్ ట్రాన్స్‌లేట్ పెట్టుకుని, జర్మన్ భాషని ఇంట్లో వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి. చాలా దుకాణాలు నేలమాళిగల్లోనో మందపాటి గోడల మధ్యనో ఉంటాయి, లోపల సిగ్నల్ అందదు. ఆఫ్‌లైన్‌లో ఉంటే కెమెరా పెట్టి లేబుల్ చూపించగానే అనువాదం కనిపిస్తుంది. దాన్ని పూర్తిగా నమ్ముకోకండి. వంకర అక్షరాల్లో రాసినవీ, మెరిసే కవర్ మీద అచ్చయినవీ అది తప్పుగా చదువుతుంది. ఎక్కడ చూడాలో మీకు తెలిసి ఉంటేనే అది ఉపయోగం.

ఏ రోజు వెళ్తున్నారో చూసుకోండి. ఆదివారం సూపర్‌మార్కెట్లన్నీ మూసేస్తారు. అక్టోబర్ 3, డిసెంబర్ 25, 26, జనవరి 1, మే 1, గుడ్ ఫ్రైడే, ఈస్టర్ సోమవారం లాంటి సెలవులకీ అంతే. సెలవు శనివారమో సోమవారమో పడితే వరసగా రెండు రోజులు పాలు కూడా దొరకవు. పెద్ద రైల్వే స్టేషన్లలో ఉండే దుకాణాలు, పెట్రోలు బంకులు, ఉదయం కాసేపు తెరిచే బేకరీలు మాత్రం ఉంటాయి, ధర కాస్త ఎక్కువ. బవేరియాలో, అంటే మ్యూనిక్ వైపు, మామూలు రోజుల్లో కూడా రాత్రి ఎనిమిదికే తలుపులు వేస్తారు. మిగతా రాష్ట్రాల్లో చాలాచోట్ల పది దాకా ఉంటాయి.

చేతిలో గుడ్డ సంచి, జేబులో ఒక యూరో నాణెం ఉండాలి. ట్రాలీలు ఒకదానికొకటి గొలుసుతో కట్టి ఉంటాయి. నాణెం దూర్చితేనే ఊడివస్తుంది, తిరిగి తగిలిస్తే నాణెం మీకే వస్తుంది. మామూలు ప్లాస్టిక్ క్యారీ బ్యాగుల్ని 2022 జనవరి 1 నుంచి నిషేధించారు. కాగితం సంచి డబ్బులిచ్చి కొనుక్కోవాలి. కార్డు పెద్ద దుకాణాల్లో పనిచేస్తుంది, చిన్న కొట్లలో, సంతల్లో నగదే అడుగుతారు. ఓ ఇరవై యూరోల చిల్లర దగ్గర పెట్టుకోండి.

అక్షరాలు ఎలా చదవాలి

జర్మన్ మాటలు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి కాబట్టి మనకి సగం పని తప్పింది. నేను ఇక్కడ తెలుగులో రాసిన మాటని పొట్లం మీద గుర్తుపట్టాలంటే ఈ ఐదు సంగతులు చాలు. ఎస్-సి-హెచ్ కలిస్తే ‘ష’. జెడ్ అంటే ‘త్స’. డబ్ల్యుని ‘వ’ అని, అచ్చ జర్మన్ మాటల్లో వి అక్షరాన్ని ‘ఫ’ అని పలుకుతారు. ఇ తర్వాత ఐ వస్తే ‘ఐ’, ఐ తర్వాత ఇ వస్తే ‘ఈ’. మాట మొదట్లో ఎస్ పక్కన పి గానీ టి గానీ ఉంటే ‘ష్ప’, ‘ష్ట’.

ఉదాహరణకి, పందిమాంసానికి ‘ష్వైన్’ అంటారు. పై లెక్కలో అది ఎస్-సి-హెచ్-డబ్ల్యు-ఇ-ఐ-ఎన్. జర్మన్లు రెండు మూడు మాటల్ని అతికించి ఒకే మాటగా రాస్తారు. ఇరవై అక్షరాల మాట చూసి బెదరకండి. మధ్యలో మీకు తెలిసిన ముక్క ఉందేమో చూడండి. ష్వైన్ అన్న ముక్క ఎక్కడ కనిపించినా అందులో పంది ఉన్నట్టే.

ధర చీటీ చూసే పద్ధతి

దశాంశం దగ్గర మనం చుక్క పెట్టే చోట వాళ్లు కామా పెడతారు. 1,99 అంటే ఒక యూరో తొంభైతొమ్మిది సెంట్లు. చీటీ మీద పెద్దగా ఉన్నది ఆ ప్యాకెట్ ధర. కింద మూలన చిన్న అక్షరాల్లో కిలోకి ఎంత, లీటరుకి ఎంత అని మరో అంకె ఉంటుంది. మీరు చూడాల్సింది ఆ చిన్న అంకె. పక్కపక్కన ఉన్న రెండు బియ్యం ప్యాకెట్లలో ఒకటి 500 గ్రాములు, ఇంకొకటి 1 కిలో ఉండొచ్చు. కిలో లెక్క చూస్తే ఏది చవకో ఇట్టే తెలుస్తుంది. పన్ను ధరలోనే కలిసి ఉంటుంది: తిండి సరుకుల్లో చాలావాటికి 7 శాతం, మిగతావాటికి 19. బిల్లు దగ్గర అదనంగా ఏమీ పడదు, ఒక్క సీసాల డిపాజిట్ తప్ప. దాని సంగతి తర్వాత.

డబ్బు చూసుకుని ఖర్చుపెట్టుకోవాల్సిన విద్యార్థులకి ఆల్డీ, లిడిల్, పెన్నీ, నెట్టో చవక. రేవె, ఎడెకా కాస్త ఖరీదు, రకాలు ఎక్కువ. అయితే రేవెలో ‘యా’ అని తెల్లటి కవర్లో వచ్చే సొంత సరుకులు, ఎడెకాలో ‘గూట్ ఉంట్ గ్యున్‌స్టిష్’ అని వచ్చేవి చవక దుకాణాల ధరకే ఉంటాయి. వాటిని ఎక్కువగా కింది అరల్లో పెడతారు. వంగి చూడండి.

శాకాహారులకి: ఇది నిదానంగా చదవండి

మన దేశంలో పొట్లం మీద ఆకుపచ్చ చుక్క చూడగానే మనసు కుదుటపడుతుంది. ఇక్కడ ఆ చుక్క లేదు. పసుపు రంగులో ఆకు మొలిచినట్టుండే ‘వి’ గుర్తు కొన్నిటి మీద ఉంటుంది. దాని కింద ‘వెగెటారిష్’ అనో ‘వెగాన్’ అనో రాస్తారు. వెగాన్ అయితే పాలు కూడా ఉండవు. ఆ గుర్తు పెట్టడం కంపెనీ ఇష్టం. కాబట్టి గుర్తు లేనంత మాత్రాన మాంసం ఉన్నట్టు కాదు, లేబుల్ చదవాలి.

పొట్లం వెనక ‘త్సూటాటెన్’ అన్న మాట వెతకండి. జెడ్‌తో మొదలవుతుంది, అర్థం ‘వాడిన దినుసులు’. ఏది ఎక్కువ బరువు ఉంటే అది ముందు రాస్తారు. అందులో కొన్ని మాటలు ముద్దక్షరాల్లో ఉంటాయి. అవి అలర్జీ తెచ్చే 14 రకాలు: గోధుమ, పాలు, గుడ్డు, చేప, వేరుశనగ, జీడిపప్పు లాంటివి, సోయా, నువ్వులు, ఆవాలు వగైరా. యూరప్ అంతటా 2014 డిసెంబర్ నుంచి వీటిని విడిగా కనిపించేలా రాయాల్సిందే. ‘మిల్ష్’ అంటే పాలు, ‘ఐ’ లేదా ‘ఐయర్’ అంటే గుడ్డు, ‘ఫిష్’ చేపే, ‘ఎర్డ్‌న్యుస్సె’ వేరుశనగ. మీ పిల్లలకి పల్లీలు పడవంటే ఈ ఒక్క మాటా అట్టముక్క మీద పెద్దగా రాసి పర్సులో పెట్టుకోండి. జాబితా కింద ‘ష్పూరెన్’ అన్న మాట ఉంటే ఆ పదార్థం కొద్దిగా కలిసే అవకాశం ఉందని హెచ్చరిక.

ఇక్కడే మనవాళ్లు పప్పులో కాలేస్తారు. గుడ్డూ చేపా ముద్దక్షరాల్లో కనిపిస్తాయి, కానీ పందీ ఆవూ కోడీ అలర్జీ జాబితాలో లేవు. అవి మామూలు అక్షరాల్లోనే, జాబితా మధ్యలో ఎక్కడో ఉంటాయి. అంచేత మొత్తం చదవాలి. వెతకాల్సిన మాటలు: ష్వైన్ పంది, రింట్ గొడ్డుమాంసం, హేన్‌షెన్ లేదా హూన్ కోడి, పూటె టర్కీ కోడి, లామ్ గొర్రె, ష్పెక్, షింకెన్ రెండూ ఎక్కువగా పందివే. ఖీమా కొనే మాంసాహారులకి ఒక మాట. ‘హాక్‌ఫ్లైష్’ పక్కన ‘గెమిష్ట్’ అని ఉంటే గొడ్డుమాంసం, పందిమాంసం కలిపింది. రెండిటిలో ఏది తినకపోయినా దాన్ని తాకకండి.

మాంసం ఉంటుందని ఎవరూ అనుకోని చోట్లు కొన్ని ఉన్నాయి. జెల్లీ మిఠాయిల్లో, కొన్ని పళ్ల పెరుగుల్లో, క్రీము కేకుల్లో ‘జెలటీనె’ ఉంటుంది, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. ఎర్రరంగు మిఠాయిల్లో ‘కార్మిన్’ లేదా ఇ 120 అంటే పురుగుల నుంచి తీసిన రంగు. సూప్ పొడుల్లో ‘గెమ్యూజె’ అని ఉన్నది కూరగాయలది, ‘హ్యూనర్’ అని ఉన్నది కోడిది. ఉప్పు చల్లిన గోధుమరంగు బ్రెట్సెల్ రొట్టెలో కొన్ని బేకరీలు పందికొవ్వు వాడతాయి.

చీజ్ విషయం వేరు. కొన్ని రకాల్లో పాలు విరగగొట్టడానికి దూడ పొట్టలోంచి తీసిన ఎంజైము వాడతారు, దాన్ని ‘లాబ్’ అంటారు. చీజ్ మీద ఆ సంగతి రాయాలన్న నియమం లేదు కాబట్టి లేబుల్‌లో కనిపించకపోవచ్చు. ‘మిక్రోబియెల్లెస్ లాబ్’ అని ఉంటే పర్వాలేదు. నియమంగా ఉండేవాళ్లు వి గుర్తు ఉన్న చీజే తీసుకోవాలి. అసలైన ఇటలీ పార్మిజానోలో దూడ ఎంజైమే వాడతారు. మద్యం తాకని వాళ్లు చాక్లెట్లు, కేకులు కొనేటప్పుడు ‘రుమ్’, ‘వైన్‌బ్రాంట్’, ‘లికోర్’, ‘కిర్ష్‌వాసర్’ అన్న మాటలు చూసుకోండి. బ్లాక్ ఫారెస్ట్ కేకు ఇక్కడిదే, అందులో చెర్రీ సారా పోస్తారు.

ఇంటికొచ్చిన పెద్దవాళ్లకి జీవితాంతం పాటించిన నియమం తెలియకుండా తప్పిపోతే ఎంత బాధో మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. ఆ పది మాటలు కాగితం మీద రాసి వాళ్ల చేతికిస్తే వాళ్లంతట వాళ్లే దుకాణానికి వెళ్లి రాగలరు.

ఒకదాన్ని చూసి ఇంకొకటి కొనే ప్రమాదం ఉన్నవి

జీలకర్ర నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే దీని దగ్గర చాలామంది తాలింపు పాడవుతుంది. ‘క్యూమెల్’ అని ఉన్న సీసాలో గింజలు అచ్చం జీలకర్రలాగే ఉంటాయి, కానీ అవి కారవే గింజలు. రుచి సోంపుకి దగ్గరగా, ఘాటుగా ఉంటుంది. పప్పులో వేస్తే పప్పు తినలేం. మనకి కావాల్సింది ‘క్రాయిట్స్‌క్యూమెల్’. ‘ష్వార్ట్స్‌క్యూమెల్’ కలోంజీ. పసుపు ‘కుర్‌కుమా’, ఆవాలు ‘జెన్ఫ్‌కోర్నర్’, మెంతులు ‘బోక్స్‌హోర్న్‌క్లే’.

నెయ్యికి దగ్గరిది ‘బుట్టర్‌ష్మాల్ట్స్’, డబ్బాల్లో వెన్న అరలోనే దొరుకుతుంది. ఇండియన్ షాపు నెయ్యి కన్నా చవక. కానీ ముందు ‘బుట్టర్’ ఉందో లేదో రెండుసార్లు చూడండి. ఒట్టి ‘ష్మాల్ట్స్’ అన్నా, ‘ష్వైనెష్మాల్ట్స్’ అన్నా పందికొవ్వు. అదీ తెల్లగా, పేరుకుని, అదే అరలో ఉంటుంది.

‘ఎస్సిగ్’ అంటే వెనిగర్. దాని పక్కనే ‘ఎస్సిగ్‌ఎసెన్స్’ అనే సీసా ఉంటుంది. అందులో ఆమ్లం 25 శాతం, మామూలు వెనిగర్‌కి ఎన్నో రెట్లు ఘాటు. నీళ్లు కలపకుండా కూరలో పోస్తే నోరు, గొంతు కాలుతాయి. పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు.

‘జెలీర్‌త్సుకర్’ జామ్ చేసుకునే పంచదార. కాఫీలోకి పనికిరాదు. మామూలు పంచదార ఒట్టి ‘త్సుకర్’. వంటసోడా ‘నాట్రోన్’, బేకింగ్ పౌడర్ ‘బాక్‌పుల్వర్’.

కొత్తిమీర అనుకుని ‘పెటర్‌జీలియె’ కట్ట తెచ్చుకోకండి. ఆకు చూడటానికి ఒకేలా ఉంటుంది. కాస్త నలిపి వాసన చూడండి. కొత్తిమీర పేరు ‘కొరియాండర్’.

పాల అరలో తెల్లటి డబ్బాలు పదిరకాలు. పెరుగు కావాలంటే ‘నాటూర్‌యోగుర్ట్’, కొవ్వు 3,5 శాతం ఉన్నది తీసుకోండి. తోడుకీ పనికొస్తుంది. ‘క్వార్క్’ పెరుగు కాదు, నీళ్లు పిండేసిన మెత్తటి జున్నులాంటిది. ‘జౌరె జాహ్నె’, ‘ష్మాంట్’ రెండూ పుల్లటి మీగడ. ‘బుట్టర్‌మిల్ష్’ చిక్కటి మజ్జిగ, ఉప్పూ అల్లం కొట్టి తాగితే హాయిగా ఉంటుంది. ఫ్రిజ్‌లో కాకుండా బయటే పేర్చి ఉన్న పాలు ‘హా-మిల్ష్’, బాగా మరగబెట్టి ప్యాక్ చేసినవి. తెరవనంతవరకు నెలల తరబడి ఉంటాయి. పాలు ఏవైనా మళ్లీ కాచక్కర్లేదు.

పిండి సంచీ మీద 405, 550, 1050 అని అంకెలుంటాయి. అంకె పెరిగేకొద్దీ పొట్టు ఎక్కువ. 405 మన మైదాకి దగ్గర. ‘ఫోల్‌కోర్న్’ ముడి గోధుమపిండి, అదొక్కటే వాడితే చపాతీ గట్టిగా, విరిగిపోతూ వస్తుంది. 1050 వాడండి, లేదా ఫోల్‌కోర్న్‌లో సగం 550 కలపండి. ఉప్మాకి ‘గ్రీస్’. ‘హార్ట్‌వైట్సెన్’ అని ఉన్నది పలుకుగా వస్తుంది, ‘వైష్‌వైట్సెన్’ ముద్దవుతుంది, కేసరికి బాగుంటుంది. బియ్యంలో ‘మిల్ష్‌రైస్’ పాయసానికే, అన్నం వండితే జిగురు.

బంగాళదుంపలకి కూడా రకాలున్నాయని ఇక్కడే తెలుస్తుంది. సంచీ మీద ‘ఫెస్ట్‌కోహెండ్’ అని, సాధారణంగా ఆకుపచ్చ పట్టీతో ఉన్నది ముక్క చెదరదు, వేపుడుకి అదే. నీలం పట్టీతో ‘మేలిష్’ అని ఉన్నది పిండిలా మెదుగుతుంది, బొండాలకీ పరాటాల్లో కూరడానికీ అదే. ఎర్ర పట్టీది రెండిటికీ మధ్యస్థం.

గుడ్డు మీద ఎర్రసిరాతో ఒక కోడ్ ముద్రించి ఉంటుంది, దాని మొదటి అంకె చూడండి. 0 అంటే సేంద్రియం, 1 ఆరుబయట తిరిగే కోళ్లవి, 2 షెడ్డులో నేల మీద పెరిగినవి, 3 బోనుల్లోవి.

సబ్బుల అరలో ‘వాష్‌మిట్టెల్’ బట్టలుతికేది, ‘వైష్‌ష్ప్యూలర్’ బట్టలు మెత్తగా ఉండటానికి చివర్లో పోసేది. రెండోది మాత్రమే కొని నెలంతా బట్టలుతుకుతున్న పిల్లలు ఉంటారు. గిన్నెలకి ‘ష్ప్యూల్‌మిట్టెల్’. ‘క్లార్‌ష్ప్యూలర్’ డిష్‌వాషర్‌లో పోసేది, చేత్తో తోమడానికి పనికిరాదు.

తాగే నీళ్లు కొనక్కర్లేదు, కుళాయి నీళ్లు తాగొచ్చు. కొనాల్సి వస్తే ‘ష్టిల్’ అని ఉన్నది మామూలు నీరు. ‘క్లాసిక్’, ‘మీడియమ్’ రెండూ గ్యాసు నింపినవి.

తేదీలు మనలాగే రోజు, నెల, సంవత్సరం. ‘మిండెస్టెన్స్ హాల్ట్‌బార్ బిస్’ అంటే ఫలానా తేదీ దాకా నాణ్యత తగ్గదని, ఆ తర్వాత వాసన, రుచి చూసి వాడుకోవచ్చు. ‘త్సు ఫెర్‌బ్రౌహెన్ బిస్’ అని పచ్చి కోడిమాంసం, ఖీమా మీద రాస్తారు. ఆ తేదీ దాటితే పారెయ్యాల్సిందే.

మన వంటకి టర్కీ కొట్టు

ఓ మోస్తరు ఊరు దేంట్లోనైనా టర్కీ వాళ్ల కూరగాయల కొట్టు ఉంటుంది, మన వంటకి అదే అసలైన చోటు. పెద్ద కొత్తిమీర కట్టలు, పుదీనా, పచ్చిమిరపకాయలు, వంకాయలు, బెండకాయలు, కిలోల లెక్కన పప్పులు, శనగలు దొరుకుతాయి. పొట్లాల మీద టర్కీ మాటలుంటాయి: ‘మెర్జిమెక్’ పప్పు, ‘నోహుత్’ శనగలు, ‘ఇర్మిక్’ రవ్వ, ‘కిమ్యోన్’ జీలకర్ర, ‘బామ్యా’ బెండకాయ. ‘బుల్గుర్’ ఉడికించి ఎండబెట్టిన గోధుమరవ్వ, ఉప్మాకి భలే ఉంటుంది. ‘ఐరాన్’ ఉప్పు వేసిన మజ్జిగ. మాంసం కౌంటర్లో ఎక్కువచోట్ల హలాల్. అక్కడి మిరప తునకల్లో మన గుంటూరు కారం ఘాటు ఆశించకండి.

ఎర్ర మసూరుపప్పు ‘రోటె లిన్‌జెన్’ పేరుతో మామూలు సూపర్‌మార్కెట్లోనూ, సబ్బులూ షాంపూలూ అమ్మే డీఎమ్ దుకాణంలోనూ దొరుకుతుంది. త్వరగా ఉడుకుతుంది, కుక్కర్ కూడా అక్కర్లేదు. ఇండియన్ షాపు ప్రయాణాన్ని కందిపప్పు, మినప్పప్పు, చింతపండు, సోనా మసూరి, ఇంగువ, కరివేపాకులకే ఉంచుకుని నెలకోసారి వెళ్తే సరిపోతుంది.

కౌంటర్ దగ్గర, సంతలో

కొన్ని పెద్ద దుకాణాల్లో కూరగాయలు మీరే తూకం వేసి, ధర బోర్డు మీదున్న అంకె నొక్కి, వచ్చిన స్టిక్కర్ అంటించాలి. కూరగాయల దగ్గర తూకం యంత్రంలోంచి స్టిక్కర్లు వస్తున్నాయంటే అక్కడ పద్ధతి అదే. ఆల్డీ, లిడిల్‌లలో బిల్లు దగ్గర వాళ్లే తూస్తారు.

చీజ్, మాంసం కౌంటర్లలో రాసిన ధర ఎక్కువగా 100 గ్రాములకి. కిలోకి అనుకుంటే బిల్లు పదింతలవుతుంది. సంతలో ‘ఫుండ్’ అంటే అరకిలో, ‘ష్ట్యుక్’ ఒక్కటికి, ‘బుంట్’ కట్ట. చేత్తో రాసిన పలకల మీద వాళ్ల 1 మన 7లా కనిపిస్తుంది, అసలు 7కి నడుమ అడ్డగీత ఉంటుంది.

కావలసింది వేలితో చూపించి ‘దాస్ హీర్, బిట్టె’ (ఇది ఇవ్వండి) అంటే చాలు. ఒకటి కావాలంటే బొటనవేలు చూపించండి. వాళ్లు లెక్క బొటనవేలితో మొదలుపెడతారు, బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపిస్తే రెండు. ఏదైనా ఇవ్వనా అన్నప్పుడు ఒట్టి ‘డాంకె’ (థాంక్స్) అంటే వద్దని అర్థం చేసుకుంటారు. కావాలంటే ‘యా, బిట్టె’.

బిల్లు దగ్గర

సరుకులన్నీ బెల్టు మీద పెట్టి, మీ వెనక చిన్న అడ్డుకర్ర పెట్టండి. మీ వంతు రాగానే ‘హలో’ అనండి, పలకరింపు ఇక్కడ మర్యాద. ఆ పైన అంతా చకచకా జరుగుతుంది. బల్ల దగ్గరే సంచిలో సర్దుకోవాలని చూడకండి. స్కాన్ అయినవి అయినట్టు ట్రాలీలో వేసేసుకుని, డబ్బు కట్టి, పక్కనున్న బల్ల దగ్గర నింపాదిగా సర్దుకోండి. బరువైనవి బెల్టు మీద ముందు పెడితే అవే అడుగున పడతాయి.

మొత్తం ఎంతో నోటితో చెబుతారు, అర్థం కాకపోయినా పర్వాలేదు, తెర మీద అంకె చూడండి. జర్మన్‌లో ఇరవై ఐదుని ‘ఐదూ ఇరవై’ అంటారు, విని లెక్కపెట్టడం కొత్తవాళ్లకి కష్టం. ‘పేబ్యాక్?’ అని గానీ ‘కుండెన్‌కార్టె?’ అని గానీ అడిగితే పాయింట్ల కార్డు ఉందా అని, ‘నైన్’ అనండి, అంటే లేదని. ‘కార్టె’ అని కార్డు, ‘బార్’ అని నగదు. ‘బోన్?’ అంటే రసీదు కావాలా అని. తీసుకోండి. మీరే స్కాన్ చేసుకునే యంత్రాల దగ్గర చాలాచోట్ల ఆ రసీదు చూపిస్తేనే గేటు తెరుచుకుంటుంది. వచ్చేటప్పుడు ‘చ్యూస్’ అనండి, అంటే వెళ్లొస్తానని.

ఖాళీ సీసాలు పారెయ్యకండి

బిల్లులో ‘ఫాండ్’ అని విడిగా పడేది సీసాల డిపాజిట్. ఒకసారి వాడే ప్లాస్టిక్ సీసా, డబ్బాకి 25 సెంట్లు. మళ్లీ నింపే వాటిలో మామూలు బీరు సీసాకి 8, మిగతావాటికి ఎక్కువగా 15. పదహారు నీళ్ల సీసాలంటే నాలుగు యూరోలు. సీసాని నలపకుండా, లేబుల్ చింపకుండా ఉంచి, దుకాణం తలుపు దగ్గరో లోపల మూలనో ఉండే యంత్రంలో ఒక్కొక్కటి పెట్టండి. చివర్లో బటన్ నొక్కితే చీటీ వస్తుంది. దాన్ని అదే దుకాణంలో బిల్లు దగ్గర ఇస్తే అంత తగ్గిస్తారు, ఏమీ కొనకపోయినా డబ్బిస్తారు.

మందులు

సూపర్‌మార్కెట్లోగానీ డీఎమ్, అలాంటిదే అయిన రోస్‌మన్ దుకాణాల్లోగానీ పారాసిటమాల్ దొరకదు. ఎర్రటి పెద్ద ‘ఎ’ అక్షరం ఉన్న ‘అపోటేకె’కే వెళ్లాలి. 500 మిల్లీగ్రాముల బిళ్లలు 20 దాకా చీటీ లేకుండా ఇస్తారు, అంతకన్నా పెద్ద ప్యాకెట్‌కి డాక్టరు చీటీ ఉండాలి. యాంటీబయాటిక్స్ చీటీ లేకుండా ఎట్టి పరిస్థితుల్లో ఇవ్వరు. మీరు ఇండియాలో వాడే మందు అయితే బ్రాండు పేరు వాళ్లకి తెలియదు, స్ట్రిప్ వెనక ఉన్న అసలు మందు పేరు చూపించండి. ఫార్మసిస్టుల్లో చాలామందికి ఇంగ్లీషు వస్తుంది. రాత్రిపూట, ఆదివారాల్లో వంతుల ప్రకారం ఒక అపోటేకె తెరిచి ఉంటుంది. అది ఏదో మూసి ఉన్న అపోటేకె తలుపు మీద అంటిస్తారు, ‘నోట్‌డీన్స్ట్’ అన్న మాట చూడండి.

కొన్నది వెనక్కి ఇవ్వాలంటే

నచ్చలేదన్న కారణంతో దుకాణంలో కొన్నదాన్ని వెనక్కి తీసుకోవాలని చట్టం లేదు. పెద్ద దుకాణాలు చాలావరకు తమంతట తాము కొన్నాళ్ల గడువు ఇస్తాయి. ఆన్‌లైన్‌లో కొంటే మాత్రం కారణం చెప్పకుండా 14 రోజుల్లో వద్దనే హక్కు మీకుంది. కొత్త వస్తువు ముందునుంచే లోపంతో ఉందని తేలితే రెండేళ్ల దాకా అమ్మినవాళ్లదే బాధ్యత. మొదటి ఏడాదిలో లోపం బయటపడితే అది అమ్మేటప్పుడు లేదని వాళ్లే రుజువు చేసుకోవాలి. వస్తువు, రసీదు బల్ల మీద పెట్టి ‘కపుట్’ (పాడైంది) అంటే వాళ్లకి అర్థమవుతుంది. కుక్కర్, హీటర్, ఫోన్ ఛార్జర్ లాంటివి కొన్నరోజే రసీదుకి ఫొటో తీసి పెట్టుకోండి, ఆ కాగితం మీద అచ్చు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది.